సవరణ: థ్రాట్లింగ్ ఆపితే పోయేది ఒక్క రకం స్పైకే

రియల్‌టైమ్ లినక్స్‌లో (పనులు కచ్చితమైన గడువులో జరగాల్సిన వ్యవస్థలో) లేటెన్సీ స్పైక్‌లు, అంటే ఉన్నట్టుండి జాప్యాలు, వస్తుంటే ‘షెడ్_ఆర్‌టీ_రన్‌టైమ్_యూఎస్’ అనే కెర్నల్ సెట్టింగ్ విలువను -1 చేసి థ్రాట్లింగ్ ఆపేయమని మునుపటి పోస్టులో ఉంది. ఆ సలహా ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో విడమరచి చెప్పాలి.

దాని మామూలు విలువ 950000. రియల్‌టైమ్ పనులు సెకనులో 950 మిల్లీసెకన్లు సీపీయూను వాడేస్తే, మిగిలిన 50 మిల్లీసెకన్లు 6.12కు ముందరి కెర్నల్ వాటిని ఆపుతుంది; థ్రాట్లింగ్ అంటే ఇదే. కాబట్టి జాప్యాలను కొలిచే సైక్లిక్‌టెస్ట్‌లో పదుల మిల్లీసెకన్ల స్పైక్ కనబడి, కెర్నల్ లాగ్‌లో ‘ఆర్‌టీ థ్రాట్లింగ్ యాక్టివేటెడ్’ అని ఉంటేనే దీన్ని అనుమానించండి. -1 పెట్టాక లూపులో ఇరుక్కున్న ఒక్క ఫిఫో (వంతులు లేకుండా నడిచే రియల్‌టైమ్) పని ఆ కోర్‌ను పూర్తిగా మింగేయగలదు. పైగా 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్‌లో ఈ పద్ధతే మారింది: మామూలు పనులకు సీపీయూ బొత్తిగా దొరకనప్పుడే ఫెయిర్ సర్వర్ అనే కెర్నల్ ఏర్పాటు వాటికి కాస్త సమయం ఇప్పిస్తుంది.

వంద, రెండు వందల మైక్రోసెకన్ల స్పైక్‌ల సంగతి వేరు. నేనైతే ముందు ఎస్ఎంఐలనే (సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్టులనే) అనుమానిస్తాను. అవి ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పని. ఆ కాసేపు సీపీయూ కెర్నల్ చేతిలో ఉండదు, అందుకే ఐఆర్‌క్యూ (ఇంటరప్టుల) ట్రేసులో ఏ హ్యాండ్లర్ పేరూ దొరకదు. ‘హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్’ అనే టూల్ ఇంటరప్టులు ఆపి, టైమ్‌స్టాంపుల మధ్య ఖాళీలు వెతుకుతుంది. ఇంటెల్ యంత్రమైతే టర్బోస్టాట్ టూల్‌లో ఎస్ఎంఐ లెక్క పెరుగుతోందేమో చూడండి. పెరుగుతుంటే బయోస్‌లో యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ తీసేసి మళ్లీ కొలవండి.

నిజంగా పనిలో ఉన్న యంత్రం మీద మాత్రం హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ దయచేసి వాడకండి. ఇంటరప్టులు ఆపుతుంది కనుక జాప్యాలు అదే పుట్టిస్తుంది.