లింఫోమాకు పదిహేనేళ్ల గీత ఎవరు గీశారు?

లింఫోమా అంటే మెడ, చంక, గజ్జల్లో ఉండే లింఫ్ బిళ్ళల వంటి చోట్ల పుట్టే క్యాన్సర్. దాని గురించి మా కాలనీ వాట్సాప్ బృందంలోకి ఒకే సందేశం పోయిన నెలలో మూడుసార్లు వచ్చింది. దాని సారాంశం ఇది: ‘‘లింఫోమా పెద్దవాళ్ల క్యాన్సర్. పిల్లలకు వచ్చినా పదిహేనేళ్లు దాటాకే వస్తుంది. అంతకంటే చిన్నపిల్లల మెడలో బిళ్ళ కడితే అది జలుబో, పుచ్చుపన్నో, మహా అయితే క్షయ. ఒకవేళ చిన్న వయసులోనే వస్తే ఎలాగూ బతకరు. బయాప్సీకి (బిళ్ళ కోసి తీసి పరీక్షించడానికి) మాత్రం ఒప్పుకోకండి, కత్తి తగిలితే పాకుతుంది.’’ చివర చేతులు జోడించిన బొమ్మ, పది మందికి పంపమన్న వేడుకోలు.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లు పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేశాను. సీసాలో వచ్చిన బిళ్ళను మైనపు దిమ్మెలో బిగించి, వెంట్రుకకంటే ఎన్నో రెట్లు పలుచగా కోసి, రంగులద్ది డాక్టరుగారి ముందు పెట్టడం నా పని. సీసాతోపాటు ఒక కాగితం వచ్చేది. అందులో వయసు గడి ఉండేది. లింఫోమా అని తేలిన కాగితాల మీద ఆ గడిలో 4, 6, 9 అంకెలు చూసినవాణ్ణి కాబట్టి ఈ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను.

మొదటి మాట, ‘పెద్దవాళ్ల క్యాన్సర్, పదిహేను దాటాకే’. పెద్దవాళ్లలోనే ఎక్కువ అన్నంతవరకు నిజం. చిక్కంతా ఆ తర్వాతే. లింఫోమా ఒక్క జబ్బు కాదు, పదుల రకాల జబ్బులకు ఉమ్మడి పేరు. ఇది ఏ వయసులో వస్తుందని ఒకే అంకె అడగడం, పండ్లు ఏ నెలలో కాస్తాయని అడగడం లాంటిది. మామిడికి ఒక కాలం, సీతాఫలానికి ఇంకో కాలం.

బర్కిట్ లింఫోమానే తీసుకోండి. 1957లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్‌కు ఒక పిల్లవాణ్ణి చూపించారు. దవడలు రెండువైపులా వాచిపోయి ఉన్నాయి. పిల్లవాడి వయసు ఐదేళ్లు. కొన్ని వారాల తర్వాత జింజా పట్టణంలో అదే తీరున వాచిన ముఖంతో ఇంకో బిడ్డ కనిపించేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. పాత రికార్డులు తిరగేశారు, 1958లో వ్యాసం ప్రచురించారు, 1961లో ఇద్దరు మిత్రులతో పాత కారులో వేల మైళ్లు తిరిగి ఆ జబ్బు ఎక్కడెక్కడ ఉందో పటం గీశారు. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కనిపించే ఈ రకం ముమ్మరంగా వచ్చే వయసు నాలుగు నుంచి ఏడేళ్లు. అక్కడి పిల్లలకు పదిహేనేళ్ల నియమం ఎవరూ చెప్పినట్టు లేదు!

మన పిల్లల్లో బర్కిట్ రకం దవడలో కంటే కడుపులో ఎక్కువగా మొదలవుతుంది. కడుపునొప్పి, వాంతులు, కొన్నిసార్లు పేగులోకి పేగు దూరి అడ్డం పడటం. ఒకసారి డాక్టరుగారు పిలిచి అలాంటి స్లైడు చూపించారు. ముదురు నీలం కణాలు ఇసుక వేస్తే రాలనంత ఒత్తుగా ఉన్నాయి. మధ్య మధ్య తెల్లటి ఖాళీలు, చచ్చిన కణాలను మింగే పెద్ద కణాలు కూర్చున్న చోట్లు. పాథాలజీలో దీన్ని నక్షత్రాల ఆకాశం అంటారు. జబ్బుకు పెట్టదగ్గ పేరా అది అనిపించింది. కాగితం మీద వయసు 6. ఈ కణాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలవు. ‘పదిహేను దాటలేదు కదా, చూద్దాం’ అని నెల ఆగితే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు.

మరి ఆ 15 ఎక్కడి నుంచి వచ్చింది? నా అంచనాలో హాడ్జ్‌కిన్ లింఫోమా నుంచి. అమెరికా, యూరప్‌లలో ఈ రకం పదిహేనేళ్ల తర్వాత బాగా పెరిగి ఇరవైల్లో ఒక శిఖరానికి చేరుతుంది, యాభై దాటాక మళ్లీ పెరుగుతుంది. అక్కడి లెక్కగా అది సరైనదే. దాన్ని తెచ్చి మన పిల్లల మీద పెట్టడమే తప్పు. మనలాంటి దేశాల్లో హాడ్జ్‌కిన్ ఇంకా చిన్న వయసులోనే, పదేళ్ల లోపు పిల్లల్లో కూడా తరచుగా కనిపిస్తుంది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ మన పిల్లలకు పసితనంలోనే సోకడం ఇందుకు ఒక కారణమని భావిస్తారు. ఆ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, అత్యధికులకు ఏమీ కాదు కాబట్టి దాన్ని తలచుకుని భయపడనక్కర్లేదు. చిన్న పిల్లల్లో ఇది మగపిల్లలకు చాలా ఎక్కువ. మన ఆసుపత్రుల లెక్కల్లో ఆ తేడా మరీ పెద్దగా కనిపించడంలో, ఆడపిల్లలను ఆసుపత్రిదాకా తీసుకురాకపోవడం వాటా కూడా ఉంది.

అసలు 1832లో థామస్ హాడ్జ్‌కిన్ లండన్‌లో ఈ జబ్బు గురించి రాసిన మొదటి వ్యాసంలో ఏడుగురు రోగులున్నారు. మొదటివాడికి తొమ్మిదేళ్లు, రెండోవాడికి పదేళ్లు. ఆ ఏడుగురికీ ఇదే జబ్బు కాదని తర్వాత తేలిన మాట నిజమే. కానీ ఆ రోగుల శరీరాల నుంచి తీసి దాచిపెట్టిన ముక్కలను దాదాపు వందేళ్ల తర్వాత సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కొందరిది అచ్చంగా ఇదేనని తేలింది.

ఇక మరో రకం లింఫోమా, రొమ్ము ఎముక వెనుక పెరిగే లింఫోబ్లాస్టిక్ రకం, బడి పిల్లల్లో, కౌమారంలో ఎక్కువ. పడుకుంటే ఊపిరాడకపోవడం, ముఖం ఉబ్బడం కనిపిస్తే అది అత్యవసరం. మూడేళ్ల లోపు పిల్లల్లో మాత్రం లింఫోమా ఏ రకమైనా అరుదు. వయసు గురించి నికరంగా చెప్పగలిగే గీత అదొక్కటే, అదీ ‘అరుదు’ అనే గాని ‘రాదు’ అని కాదు.

రెండో మాట, ‘చిన్నపిల్లల బిళ్ళలు జలుబో, పన్నో, క్షయో’. చాలావరకు నిజం, అందుకే ప్రమాదం. గొంతునొప్పి వస్తే దవడ కింద, కాలికి పుండైతే గజ్జలో బిళ్ళ కట్టడం ప్రతి తల్లికీ తెలుసు. నొప్పిగా ఉండి, జ్వరంతో వచ్చి, రెండు మూడు వారాల్లో కరిగేదానికి కంగారు అక్కర్లేదు. నొప్పి లేకుండా, రబ్బరులా బిగువుగా, రెండు సెంటీమీటర్లు దాటి, నాలుగు నుంచి ఆరు వారాలైనా తగ్గనిది వేరు. కాలర్ బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) పైన గుంటలో తగిలేది ఏ వయసులోనైనా, ఏ పరిమాణంలోనైనా చూపించవలసిందే. దానితో రాత్రి బట్టలు తడిసే చెమట, వదలని జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇక వారాలు లెక్కపెట్టనక్కర్లేదు.

క్షయ సంగతి మరీ ముఖ్యం. గండమాల అని మన పెద్దలు పిలిచింది చాలావరకు మెడ బిళ్ళల క్షయే. అది ఇప్పటికీ ఉంది. ఈ రెండు జబ్బులను కలగలిపింది మనమే కాదు. 1898లో వియన్నాకు చెందిన పాథాలజిస్టు కార్ల్ స్టెర్న్‌బర్గ్, హాడ్జ్‌కిన్‌ను ఒక వింత తరహా క్షయ అనుకున్నారు. 1902లో అమెరికాలో డొరొతీ రీడ్ అనే డాక్టరు అది క్షయ కాదని తేల్చారు. గుడ్లగూబ కళ్లలా రెండు కేంద్రకాలతో కనిపించే కణాన్ని చూసి జబ్బును గుర్తుపడతారు, దానికి ఈ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. ఆ తగాదా తీరి వందేళ్లు దాటినా, పరీక్ష లేకుండా ఆరు నెలల క్షయ మాత్రలు మింగి, బిళ్ళలు పెరిగాక ల్యాబుకు వచ్చిన పిల్లల కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయి.

‘చిన్న వయసులో వస్తే బతకరు’. ఇది పూర్తిగా తలకిందులు. హాడ్జ్‌కిన్ వచ్చిన పిల్లల్లో సరైన చికిత్స అందితే నూటికి తొంభై మందికి పైగా కోలుకుంటారు, ముసలివాళ్లకంటే బాగా. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల క్యాన్సర్ల మీద పథకం మొదలుపెట్టినప్పుడు ముందుగా ఎంచుకున్న ఆరింటిలో హాడ్జ్‌కిన్, బర్కిట్ రెండూ ఉన్నాయి. నయమయ్యేవి కాబట్టే ఎంచుకున్నారు. మన దగ్గర ఫలితాలు తగ్గేది ఆలస్యంగా రావడం, చికిత్స మధ్యలో మానేయడం వల్ల. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు ప్రత్యేక విభాగమే ఉంది.

ఇక కత్తి. బిళ్ళను తీసి చూసినంత మాత్రాన లింఫోమా పాకదు. ఇది మొదటినుంచీ రక్తంలో, శోషరసంలో (లింఫ్ బిళ్ళల గుండా పారే ద్రవంలో) తిరిగే కణాల జబ్బు, మందు కూడా ఒళ్లంతా తిరిగేలా ఇచ్చేదే. సూదితో పీల్చి చూసేది మొదటి మెట్టుగా పనికొస్తుంది గాని, రకం తేలాలంటే చాలాసార్లు బిళ్ళ మొత్తం కావాలి. అంతకుముందే స్టెరాయిడ్ మాత్రలు వాడితే బిళ్ళ కరిగినట్టు కనిపించి స్లైడు చెడుతుంది, ఏదీ తేలదు.

ల్యాబు మనిషిగా ఒక్క సంగతి చెప్పాలి. తీసిన బిళ్ళనంతా ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే మందునీళ్లు) సీసాలో వేస్తే క్యాన్సర్ తెలుస్తుంది, కానీ క్షయ క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ చేయడానికి, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూడటానికి, ఏమీ మిగలదు. ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఇంకొకటి ఉత్త సెలైన్‌లో (ఉప్పునీటిలో) పంపితే ఒకే కోతతో రెండు అనుమానాలూ తీరతాయి. ఆపరేషన్ గది తలుపు మూయకముందే, ‘‘సీసాలు రెండూ పెట్టారా అమ్మా?’’ అని సిస్టరును అడగండి.