నల్లగొండలో నవ్వుకుంటూ నవల చదవడమా?

జిల్లా సాహిత్య వాతావరణానికి పెద్ద ప్రమాదం వచ్చిపడింది. బాధ్యత గలవాళ్లెవరూ నోరు మెదపడం లేదు కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. మా వీధిలో రిటైర్డ్ హెడ్మాస్టర్ ఒకాయన, షుగరూ మోకాళ్ల నొప్పులూ ఉన్న పెద్దమనిషి, పట్టపగలు అరుగు మీద కూర్చుని కాలేజీ పిల్లల ప్రేమ నవల చదువుతున్నారు. చదివితే చదివారు. నవ్వుతున్నారు!

నల్లగొండవాళ్లకు నవలంటే ఏమిటి? దొర ఉండాలి, గడీ ఉండాలి, వెట్టి ఉండాలి. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన నేల ఇది. ఆ తర్వాతైనా కరువుంది, వలస ఉంది, ఫ్లోరైడ్ ఉంది. ఇన్ని కష్టాలు అందుబాటులో ఉండగా ఆనందంగా ఉండే పుస్తకం వెతుక్కోవాల్సిన ఖర్మేమిటి? మన సభల్లో నవల బాగుందని చెప్పడానికి ఒకటే మాట: "చదివినంక రెండు దినాలు అన్నం సహించలే సార్." హెడ్మాస్టరు గారు మాత్రం ఆ పుస్తకం పట్టుకున్నాక ఇంకో రొట్టె అడిగి మరీ తింటున్నారట. ఇంట్లోవాళ్లే చెప్పారు.

సాక్ష్యం కోసం పుస్తకం తెప్పించుకుని చూశాను. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశారు. అట్ట మీద రాహుకాలాలు, వర్జ్యాలు. లోపల డిగ్రీ చదివే అమ్మాయి, జిరాక్స్ షాపులో పనిచేస్తూ గ్రూప్స్‌కు చదువుకునే అబ్బాయి. ఇద్దరూ పానగల్లులో ఉదయసముద్రం కట్ట మీద నడుస్తుంటారు. అబ్బాయి తన మనసులో మాట చెప్పి "నీకేమనిపిస్తుంది?" అని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, జవాబు కోసం నాలుగు పేజీలు ఆగుతాడు. నాలుగు పేజీలు! మా కాలంలో అంత జాగాలో పెళ్లిచూపులు, కట్నం బేరం, లగ్గం, అప్పగింతలు అన్నీ అయిపోయి, ఇంకో పేజీ మిగిలేది. పిల్లకేమనిపించిందో అడగాలన్న ఆలోచన ఎవరికీ వచ్చిన దాఖలా లేదు.

ఇంతకన్నా ఘోరం, అమ్మాయి తండ్రి. విషయం తెలిశాక ఆయన టీవీ ఆపుతాడు. రిమోట్ పక్కన పెడతాడు. బిడ్డ చెప్పేదంతా విని, కులం సంగతి ఎత్తకుండానే "ఆ పిలగాన్ని ఐతారం అన్నానికి రమ్మను" అంటాడు. ఇదేం వాస్తవికత? మన దగ్గర పేపర్లో ప్రేమ అన్న మాట కనపడిందంటే అది క్రైమ్ పేజీలోనే కదా. అలాంటి చోట తండ్రి చేతిలో రిమోట్ తప్ప ఇంకేమీ లేకుండా కథ నడిపించడం రచయిత బాధ్యతారాహిత్యం.

రోగం మనకొక్కరికే సోకలేదు. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘమే నిర్వచనం రాసిపెట్టుకుంది: కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ కలిగించాలి. 12 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం వేసిన పుస్తకాలు కొంటున్నవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లేనని 2012లో అక్కడి సర్వే ఒకటి తేల్చింది. పిల్లల పేరు చెప్పి పెద్దలు సంతోషపడుతున్నారన్నమాట.

ఆయన్ని నేరుగానే నిలదీశాను. "సార్, ఈ వయసుల ఇదేంది?"

"మా మనవరాలిది. హాస్టల్‌కు పోంగ మర్చిపోయింది," అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "పిలగాడు మంచోడయ్యా. జాబొస్తే ఇంకేం గావాలె?" అన్నారు, రేపే కబురు పంపేవారిలా.

తెలంగాణలో కవులు లేరన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. రేపెవరైనా తెలంగాణలో హాయిగా చదివే పాఠకులు లేరంటే మనం కోపం తెచ్చుకోకూడదు. లేరని ఒప్పుకుని గర్వపడాలి. ఈ హెడ్మాస్టర్ల వల్ల ఆ అవకాశం కూడా పోయేలా ఉంది.

కాబట్టి కొన్ని కట్టుబాట్లు తప్పవు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు పెట్టుకున్నాం. నవలలో సంతోషానికీ పేజీకింత అని హద్దు ఉండాలి. అరవై దాటినవాళ్లు ఇలాంటివి చదవాలంటే ఇంట్లో ఇద్దరి సంతకాలతో హామీపత్రం ఇవ్వాలి. ముఖ్యంగా, చివరి అధ్యాయంలో అబ్బాయి పరీక్ష పాసై పోస్టింగ్ ఆర్డర్‌తో బస్సు దిగే దృశ్యం తీసేయాలి. అతను ప్రిలిమ్స్ రాయాలి, అది రద్దు కావాలి. మళ్లీ రాయాలి, మళ్లీ రద్దు కావాలి. అతిశయోక్తి అంటారేమోనని రచయిత భయపడక్కర్లేదు. 2022 అక్టోబరులో, 2023 జూన్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసినవాళ్లు ఏ జిరాక్స్ షాపులోనైనా దొరుకుతారు, అడిగి రాసుకోవచ్చు.