20 డిగ్రీల విపత్తు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో శీతాకాలం ప్రవేశించినట్టు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది. విశ్వసనీయ వర్గాలంటే మా వీధి చివర టీకొట్టు. తెల్లారుజామున అక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. అందరూ మంకీ క్యాపుల్లో ఉన్నారు. ఒకాయన క్యాపు మీద మఫ్లరు, మఫ్లరు మీద హెల్మెట్ పెట్టుకున్నాడు. బండి లేదు, నడిచే వచ్చాడు. ఆ పూట చలి 20 డిగ్రీలు. ప్రభుత్వం ఇంతవరకూ దీన్ని విపత్తుగా ప్రకటించకపోవడం బాధాకరం.

మే నెల 43 డిగ్రీల ఎండలో ట్రంకు రోడ్డు హోటల్లో కూర్చుని, చేపల పులుసు వేడిగా లేదని గొడవపడే జాతి మనది. డిసెంబరు రాగానే ఇలా అయిపోతున్నామంటే అది కేవలం శిక్షణ లోపం. ఆ శిక్షణ వెదురు దగ్గర దొరుకుతుందని నా నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి. మా మేనల్లుడు షికాగోలో ఇంటి వెనక వెదురు పెంచుతున్నాడు. ఆ ఊళ్లో మైనస్ 20 అంటే ఎవరూ నోరెళ్లబెట్టరు. 1985 జనవరిలో మైనస్ 33 దగ్గరికి దిగింది. వాడు పెంచేది గిద్దలూరు వైపు నల్లమలలో దొరికే రకం కాదు లెండి. మన ముళ్ల వెదురుని తీసుకెళ్లి అక్కడ నాటితే ఒక్క శీతాకాలం కూడా గట్టెక్కదు. ఎంతైనా అది మన వైపు మనిషి. అక్కడ నిలదొక్కుకునేవి చైనా కొండల రకాలు. వాటిలో ఫార్జీసియా అనేదాన్ని పాండాలు తింటాయి. దాని రకాల్లో గట్టివి మైనస్ 25 దాకా ఓర్చుకుంటాయి.

ఎలా ఓర్చుకుంటుందన్నదే మనకు ముఖ్యం. చలి ముదరగానే దాని ఆకులు నిలువునా చుట్ట చుట్టుకుపోతాయి. మొదటిసారి చూసి మేనల్లుడు చెట్టు పోయిందని రాత్రికి రాత్రి మా అక్కకు ఫోన్ చేశాడు. పోలేదు. నేల గడ్డకట్టాక వేళ్లకు నీరందదు. పైన పొడిగాలేమో ఆకులో ఉన్న తడిని పీల్చేస్తుంటుంది. అందుకని ఆకు ముడుచుకుని గాలికి తగిలే ఒళ్లు తగ్గించుకుంటుంది. కాస్త వెచ్చబడితే మళ్లీ విచ్చుకుంటుంది. చాలాసార్లు వెదురుని చంపేది చలి కాదు, దాహం. అందుకే నేల గడ్డకట్టకముందే చెట్టు మొదలుకి నీళ్లు దండిగా పెట్టాలి.

ఈ ఒక్క విషయంలో మన ఏర్పాట్లు షికాగో కంటే మెరుగు. అక్టోబరు నుంచే వాయుగుండాలు వచ్చి వీధివీధికీ నీళ్లు పెట్టి వెళ్తున్నాయి. ఆ నీళ్లు ఒక్క బొట్టు కూడా కాలవలోకి పోకుండా సంబంధిత అధికారులు సంక్రాంతి దాకా కాపాడుతున్నారు. చిక్కల్లా ఏమిటంటే, నీళ్లు నిలిచిన నేలలో వెదురు వేళ్లు కుళ్లిపోతాయి. మనుషుల సంగతి ఇంకా తేలలేదు.

తర్వాతది దుప్పటి. మొదలు చుట్టూ అరడుగు మందాన ఎండాకు, చెక్క పేళ్లు పరవాలి. దాని మీద మంచు పడితే ఇంకా మంచిది, అదీ దుప్పటిలాగే వేళ్లకు చలి తగలకుండా కాపాడుతుంది. అన్నిటికన్నా ముందు పోయేది కుండీలో పెంచిన వెదురు, దాని వేళ్లకు నాలుగు వైపులా చలే కదా. నేలలో ఉన్నదైతే పైన గడలన్నీ ఎండి గోధుమరంగుకి తిరిగినా లోపల దుంప బతికే ఉంటుంది. కొందరు ఆత్రగాళ్లు కొడవలి తీసుకుని ఫిబ్రవరిలోనే బయల్దేరతారు. అలా చేయకూడదు. వసంతం దాకా ఆగితే నేలలోంచి కొత్త పిలకలు పొడుచుకొస్తాయి.

ఇంతా చేస్తే వెదురు గడ్డిజాతి. ఆ మాట ఒప్పుకోవడానికి మన చట్టానికి 90 ఏళ్లు పట్టింది. 1927 అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో రాసింది. సొంత పొలంలో పెంచిన వెదురుని కొట్టి తరలించాలన్నా అనుమతుల కోసం తిరగాల్సి వచ్చేది. 2017లో సవరించారు. కనుక 20 డిగ్రీల్లో వణికే పౌరుణ్ణి ఏ జాబితాలో చేర్చాలో తేల్చడానికి నేను తొందరపెట్టను.

ప్రస్తుతానికి నా సిఫార్సు ఇదీ. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం ఎనిమిదైనా దుప్పట్లో ముడుచుకుని కనిపించే గృహస్థుణ్ణి సోమరి అనరాదు. అతను తేమను కాపాడుకుంటున్నాడు. కదిలించరాదు, ఫ్యాను వేయరాదు, చీపురుకట్టతో మంచం కింద చప్పుడు చేయరాదు. వసంతం వచ్చాక తనంతట తానే విచ్చుకుంటాడు.

దీన్ని ప్రయోగాత్మకంగా ముందు మా ఇంట్లోనే ప్రవేశపెట్టాను. కారణాలన్నీ దుప్పట్లోంచే వివరించాను. మా ఆవిడ వాకిట్లో ముగ్గు ఆపి, ఓపిగ్గా అంతా విని, "వెదురు కాఫీ అడగదండీ. గమ్మున లేచి పాల ప్యాకెట్ తెండి" అంది.