మొదటి రోజే 45 నిమిషాల నడకా?

ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా ఎడతెగని నొప్పులుండే జబ్బు) ఉన్నవాళ్లు రోజూ 45 నిమిషాలు చురుగ్గా నడవాలని ఒక వ్యాసంలో రాశారు. అది చేరాల్సిన చోటు, మొదలెట్టాల్సిన చోటు కాదు. ఈ జబ్బులో నొప్పిని గ్రహించే నాడీ వ్యవస్థే అతిగా స్పందిస్తుంది. అలవాటు లేని శ్రమ చాలామందిని రెండు మూడు రోజులు మంచాన పడేస్తుంది. దాంతో 'వ్యాయామం మనకు పడదు' అని మానేస్తారు.

ఎంతసేపు నడిస్తే మర్నాడు నొప్పి పెరగడం లేదో ఒక వారం రాసుకోండి. ఒంట్లో బాగాలేని రోజు కూడా చేయగలిగినంతే మీ మొదటి మెట్టు. కొందరికి అది 5 నిమిషాలే, సిగ్గుపడక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో చాలు. వారం, రెండు వారాలకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. మర్నాడు కాస్త సలుపు మామూలే. రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఒక మెట్టు దిగండి, పూర్తిగా ఆపకండి.

అసలు చిక్కు ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజుతోనే. బీరువా సర్దడం, దుప్పట్లు ఉతకడం, బూజు దులపడం అన్నీ ఆ పూటే పెట్టుకుంటారు. నొప్పి వచ్చాక ఆగడం కాదు, గడియారం చూసి ఆగాలి. 20 నిమిషాలు పని, 5 నిమిషాలు కూర్చోవడం.

2017 నాటి యూలార్ (కీళ్ల, కండరాల జబ్బులపై పనిచేసే యూరప్ వైద్య సంఘాల కూటమి) సిఫార్సుల్లో 'బలమైన' మద్దతు దక్కింది వ్యాయామానికొక్కదానికే, ఏ మందుకూ కాదు. నడకతోపాటు తేలికపాటి బరువులూ పనికొస్తాయి, అర లీటరు నీళ్ల సీసా చాలు. మసాజ్‌కు ఆ సిఫార్సుల్లో మద్దతు లేదు.

కీళ్లు వాచినా, జ్వరం వచ్చినా ఫైబ్రోమయాల్జియా ఖాతాలో రాసేయకండి, డాక్టరుకు చూపించండి.