మూత తీస్తేనే ముప్పు

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో ఎంటీబీఈ అనే సాల్వెంట్ (ఇతర పదార్థాలను కరిగించే ద్రవం) లీకై, దాని ఆవిరి పేలి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. అంతటి ఘోరం జరిగితే విచారణ కమిటీలు వస్తాయి, నివేదికలు తయారవుతాయి. కానీ మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో మామూలు పనిగా సాగిపోయే ఒక ప్రమాదకర అలవాటుపై మాత్రం చర్చ లేదు. రసాయనాలు కలిపే పెద్ద పాత్ర అయిన రియాక్టర్‌లో టోలిన్ అనే మండే సాల్వెంట్ ఉండగానే మ్యాన్‌హోల్ మూత తీసి, సంచిలోని పౌడర్‌ను చేత్తో కుమ్మరించడమే ఆ అలవాటు. దాన్ని ప్రభుత్వాలు పూర్తిగా నిషేధించాలని మేము కోరుతున్నాం.

టోలిన్‌కు 4 డిగ్రీల సెల్సియస్ చాలు, మండే ఆవిరి పుడుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.1 శాతం నుంచి 7.1 శాతం దాకా ఉన్నంతసేపూ నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. 30 డిగ్రీల వేడిలో మూసిన పాత్రలో చేరే టోలిన్ ఆవిరి దాదాపు 5 శాతం. అంటే మన వాతావరణంలో రియాక్టర్ లోపలి ఖాళీ జాగా చాలావరకు పేలుడు హద్దుల్లోనే ఉంటుంది. అసిటోన్ అనే మరో సాల్వెంట్ ఇంతకంటే వేగంగా ఆవిరవుతుంది, నిజమే. కానీ మూసిన పాత్రలో దాని ఆవిరి 35 శాతం దాటిపోయి, మండటానికి చాలినంత గాలి మిగలదు. అసిటోన్‌తో భయం పాత్ర మూతి దగ్గర, బయట. టోలిన్‌తో లోపలే.

ఆ ఆవిరి అంటుకోవడానికి 0.24 మిల్లీజౌళ్ల రవ్వ సరిపోతుంది. తలుపు పిడి తాకినప్పుడు వేలికి చురుక్కుమనే స్పార్క్‌లోనే అంతకు మించిన శక్తి ఉంటుంది. పాలిథీన్ సంచిలోంచి పౌడర్ జారుతుంటే సంచికీ, పౌడర్‌కీ, పోసే మనిషికీ స్థిర విద్యుత్తు ఎక్కుతుంది. పౌడర్ వెంట గాలి లోపలికి దూరి, మంట అంటకుండా నింపిన నైట్రోజన్‌ను చెదరగొడుతుంది. లోపలి ఆవిరి పైకి తన్నుకొచ్చి కార్మికుడి మొహాన్ని కమ్ముకుంటుంది. రియాక్టర్‌కు ఎర్తింగ్ ఉందిగా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. సంచికి ఎర్తింగ్ లేదు. పైగా టోలిన్ విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయదు, ద్రవంలో పోగైన చార్జ్ వెంటనే దిగదు.

దారి లేక కాదు. వీలున్న చోటల్లా ముందు పౌడర్ వేసి, మూత బిగించి, నైట్రోజన్‌తో గాలిని తరిమి, ఆక్సిజన్ మీటర్ 5 శాతం లోపు చూపాకే టోలిన్ పంపాలి. పౌడర్ తర్వాతే పడాల్సిన ప్రక్రియలకు మూసి ఉంచి నింపే పరికరాలున్నాయి. వాటి ఖర్చును యాజమాన్యాలు భరించాల్సిందే. అదే నైట్రోజన్ ఊపిరాడకుండా చేసి చంపుతుంది కాబట్టి, లోపలి గాలిని పరీక్షించకుండా ఎవరినీ రియాక్టర్‌లోకి దించకూడదు.

టోలిన్ డ్రమ్ముల దగ్గర పనుల వరుస తప్పకూడదు. మూత తీయకముందే ఎర్తింగ్ క్లిప్పు పెట్టాలి, మూత బిగించాకే తీయాలి. క్లిప్పు పళ్లు పెయింటును చీల్చి ఇనుమును పట్టుకోవాలి. పెయింటు మీద వేలాడే క్లిప్పు ఉన్నా లేనట్లే. టోలిన్‌ను పైనుంచి ధారగా పోయకూడదు. అడుగుదాకా దిగే పైపుతో, దాని కొన మునిగేవరకు వేగం సెకనుకు ఒక మీటరు దాటకుండా నింపాలి. ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు. నేల మీద, కాలువల్లో పాకి దూరాన వెల్డింగ్ జరిగే చోటికీ చేరుతుంది.

ఖాళీ డ్రమ్ము మరీ మోసకారి. 200 లీటర్ల డ్రమ్ములో 10 మిల్లీలీటర్ల టోలిన్, అంటే రెండు టీస్పూన్లు, మిగిలినా పేలుడుకు సరిపోయే ఆవిరి పుడుతుంది. మండే పదార్థం ఉన్న పాత్రను దాన్ని తొలగించకుండా వెల్డింగ్, కటింగ్ చేయరాదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షనే చెప్పింది. ఆ మాట తుక్కు దుకాణాల దాకా వెళ్లలేదు. ఇళ్ల మధ్య రసాయనాల నిల్వ ఏం చేస్తుందో 2023 నవంబర్ 13న హైదరాబాద్ నాంపల్లిలోని బజార్‌ఘాట్ చూపించింది. అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో పెట్టిన డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. నివాస భవనాల్లో ఇలాంటి గోదాములను రెండు తెలుగు రాష్ట్రాలూ తనిఖీ చేసి ఖాళీ చేయించాలి. కడిగి, ఆవిరి లేదని మీటరుతో చూసి, సంతకం పెట్టని ఏ డ్రమ్మునూ ఫ్యాక్టరీ గేటు దాటనివ్వకూడదు.