మదుపులో మన వాటా

ఆమదాలవలసకు దగ్గర్లో, నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో కూరగాయల రైతుకు మదుపు ఎప్పుడూ షావుకారు దగ్గరనుంచే వచ్చేది. వంగనారు పోయకముందే విత్తనాలకూ ఎరువులకూ డబ్బు ఆయనే ఇచ్చేవాడు. కాయ కోతకు వచ్చాక సరుకంతా ఆయన చెప్పిన ధరకే తూచి ఇవ్వాలి. ఏరు పొంగి మడులు మునిగితే పంట పోయేది గాని బాకీ పోయేది కాదు. వడ్డీతో కలిసి మరుసటి పంట మీదికి ఎక్కేది. మా నాన్నగారు ఇరవై ఏళ్ళు ఆ లెక్కలోనే సాగు చేశారు. అందుచేత, తినేవాళ్ళే రైతుకు ముందుగా డబ్బు కట్టి, పంట పోతే దాన్ని తిరిగి అడగని పద్ధతి ఒకటి ఉందని మసాచుసెట్స్ వచ్చాక విన్నప్పుడు నేను వెంటనే నమ్మలేదు.

దాని పేరు కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, అందరి నోటా సీఎస్‌ఏ. 1970లలో జపాన్‌లో పట్టణ కుటుంబాలు రైతులతో నేరుగా కుదుర్చుకున్న 'తెయికెయి' ఒప్పందాలు ఇలాంటివే. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహ్యాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్ దీనికి నాంది పలికాయి. రైతు చలికాలంలోనే ఆ ఏటి సాగు ఖర్చు లెక్కవేసి వాటాలుగా విడగొడతాడు; సభ్యులు వాటా సొమ్ము ముందే కట్టి, జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికొక పెట్టె కూరగాయలు తెచ్చుకుంటారు. షావుకారిచ్చే డబ్బూ ముందే వస్తుంది, ఈ డబ్బూ ముందే వస్తుంది. కాని మొదటిది అప్పు, రెండోది వాటా. ఈ ఒక్క తేడా మీదే నా వాదనంతా నిలబడి ఉంది.

ఆ తేడా నాకు పూర్తిగా అర్థమైంది 2023 జులైలో. కనెక్టికట్ నది పొంగి పశ్చిమ మసాచుసెట్స్ పొలాలను ముంచెత్తినప్పుడు మేం వాటా కట్టిన రైతు దంపతుల తోటలో సగం నీటిపాలైంది. వరదనీరు తగిలిన కాయను తినడానికి ఇవ్వకూడదన్నది ఇక్కడి ఆహార భద్రతా నియమం కనుక, చూపుకు బాగున్న దోసకాయలను కూడా వాళ్ళు పారబోయవలసి వచ్చింది. ఆ తరవాత కొన్ని వారాలపాటు మా పెట్టెలో సగమే వచ్చింది. ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు; కొందరం శనివారాలు వెళ్ళి, మళ్ళలో చిక్కుకున్న చెత్తా కొమ్మలూ ఏరి వచ్చాం. ఆ బురదలో నిలబడి నేను మా నాన్నగారినీ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత కూలిన కొబ్బరిచెట్ల మధ్య కూర్చుండిపోయిన ఉద్దానం రైతులనూ తలుచుకున్నాను. వాళ్ళ పంట తిన్న మనలో ఒక్కరం కూడా ఆ నష్టంలో పాలు పంచుకోలేదు.

చేరడానికి వెనకాడేవారి సందేహం నాకు తెలుసు: ఏ వారం ఏది పండితే అదే వస్తుంది, నచ్చినవి ఎంచుకోవడానికి వీలుండదు. నిజమే. అయితే ఆనపపాదు కాపుకొస్తే వారమంతా ఆనపకాయే వండుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. స్విస్ చార్డ్ ఆకును కందిపప్పులో వేస్తే బచ్చలి పప్పుకు చాలా దగ్గరగా ఉంటుంది. ముల్లంగి ఆకు పెసరపప్పుతో పొడికూరకు పనికొస్తుంది. లేత జుకినీతో బీరకాయ పచ్చడిలాగే పచ్చడి చేయవచ్చు. అక్టోబరులో వచ్చే గుమ్మడి నేరుగా దప్పళంలోకి వెళ్తుంది. చిన్న కుటుంబానికి అర్ధవాటా చాలు. మా తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి అడిగితే మా రైతు గోంగూర కూడా వేశారు. పగటి పొద్దు తగ్గితేగాని గోంగూర పూయదు కాబట్టి, ఇక్కడి సుదీర్ఘమైన వేసవి పగళ్ళలో అది పూత జోలికి పోకుండా ఆకే వేస్తుంది.

ఇక నా అసలు మనవి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ మన అమ్మానాన్నలు అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉంటున్నారు. వాళ్ళకు కొద్ది దూరంలోనే, నాగావళి, చంపావతి ఒడ్డున, కూరగాయల రైతులు ఇప్పటికీ మదుపు కోసం అప్పు చేస్తున్నారు. 1999లో మొదలైన రైతుబజార్లు దళారీని తప్పించాయి, అది చిన్న మేలు కాదు. కాని సరుకు బజారుకు చేరేదాకా కష్టనష్టాల బరువు రైతు మీదే ఉంటుంది. 2016 నుంచి రాష్ట్రంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో స్వయం సహాయక సంఘాల మహిళలు పేడతో చేసే ఘనజీవామృతం ఎరువు, వేపాకుతో చేసే నీమాస్త్రం పురుగుమందు తయారు చేయడం నేర్చుకుని ఎరువుల, పురుగుమందుల ఖర్చు తగ్గించుకున్నారు. అలాంటి రైతు కుటుంబం ఒకదానితో పట్టణంలోని ఇరవై ఇళ్ళు ఒప్పందం చేసుకుని, ఆ ఇరవై వాటాల సొమ్ము ఇక్కడున్న పిల్లలం ముందే కడితే, వారం వారం వంకాయ, బీర, కంద, బచ్చలి, తోటకూర మన పెద్దవాళ్ళ గుమ్మంలోకి వస్తాయి. కందా బచ్చలీ కలిపి వండి ఆవ పెట్టడానికి మా అమ్మగారికి ఈ వయసులో బజారంతా తిరగనక్కరలేదు.

దీన్ని దానమని ఎవరూ అనుకోకూడదు. విత్తనం, కూలీ, ఆటో కిరాయితోపాటు రైతు కుటుంబం రెక్కల కష్టానికి తగిన జీతం కూడా ఆ లెక్కలో ఉండాలి. ఆ లెక్క సభ్యులందరికీ తెరిచి చూపాలి. తుపాను వస్తే డబ్బు వెనక్కి రాదని మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. ఆ ఒక్క షరతు లేకపోతే అది ముందుగా డబ్బు కట్టిన కొనుగోలే అవుతుంది గాని వాటా కాదు.

ఇక్కడి తోటల్లో వచ్చే ఏటి వాటాలు చలికాలంలోనే నిండిపోతాయి కనుక సభ్యులు ఇప్పుడే పేరు రాయించుకోవడం మంచిది. మా ఊళ్ళో మాత్రం వానలు తెరిపిచ్చి దసరా దగ్గర పడుతుండగా నారు పోస్తారు. మన డబ్బు అంతకు ముందే రైతు చేతికి చేరాలి. ఆ తరవాత చేరేది షావుకారు బాకీ కిందికే జమ అవుతుంది.