గోడ మీది ఏఈడీ గారికి, తాళంచెవి దొరక్క రాస్తున్న ఉత్తరం

మహారాజశ్రీ ఏడో అంతస్తు, లిఫ్టు పక్క గాజుపెట్టె వాస్తవ్యులు, లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి దారిలో పెట్టే యంత్రోత్తములు ఏఈడీ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మేం క్షేమం. మీరూ క్షేమమేనని తలుస్తాం. తలవడమే తప్ప చూసి చెప్పే వీల్లేదు. మీరు పనికి సిద్ధంగా ఉన్నారని చెప్పే చిన్న పచ్చ దీపం మీ ఒంటి మీద ఉంటుందట. సరిగ్గా దానికి అడ్డంగా, గాజు మీద, నిరుటి ‘పది వేల అడుగుల ఛాలెంజ్’ పోస్టరు అంటించి ఉంది. ఉద్యోగుల ఆరోగ్యం మీద మా కంపెనీ శ్రద్ధ అలాంటిది.

విషయానికొస్తాను. నిన్న సెప్టెంబర్ 29, ప్రపంచ హృదయ దినోత్సవం. భోజనాలయ్యాక అందరికీ సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) శిక్షణ అన్నారు. జ్యోతి ప్రజ్వలన అయింది, బొకేలు అయ్యాయి, ‘మన ఉద్యోగులే మన గుండె’ అంటూ పెద్దసారు ప్రసంగమూ అయింది. తర్వాత పీపీటీ. గది నిండా జనం, నేర్పడానికి తెచ్చిన బొమ్మ మాత్రం ఒక్కటే. దాని ముందు మొదట మోకాళ్ల మీద కూర్చున్నది పెద్దసారే. రెండుసార్లు నొక్కి, తలెత్తి, ‘ఫోటో వచ్చిందా?’ అని అడిగారు. బొమ్మ బతకలేదు గానీ ఫోటో బాగానే వచ్చింది.

ట్రైనర్ పాపం మంచివాడు. ఛాతీ మధ్యలో, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలనీ, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలనీ, చేతులు అలసిపోతాయి కాబట్టి రెండు నిమిషాలకోసారి మనిషి మారాలనీ చెప్పాడు. పడిపోయిన మనిషి నోరు తెరిచి అడపాదడపా ఎగశ్వాస తీస్తుంటే ఊపిరి ఆడుతున్నట్టు కాదనీ, చాలామంది అక్కడే మోసపోతారనీ చెప్పాడు. నోట్లో నీళ్లు పోయకండి, అరికాళ్లు రుద్దుతూ కూర్చోకండి అన్నాడు. ఇవి వింటే వచ్చే పనులు కావు, ఒక్కొక్కరూ నొక్కి చూడాలి అని కూడా అన్నాడు. అప్పటికే తర్వాతి మీటింగు వాళ్లు తలుపు కొడుతున్నారు. మా వరస రానేలేదు. సాయంత్రానికి అందరికీ మెయిల్లో సర్టిఫికెట్లు మాత్రం వచ్చేశాయి.

ఇదంతా మామూలే, దీనికోసం ఉత్తరం రాయను. మధ్యలో ఆ ట్రైనర్ ఒక మాట అడిగాడు చూడండి, గొడవంతా అక్కడ మొదలైంది. ‘మీ ఫ్లోర్లో ఏఈడీ ఉందటగా, పట్రండి. షాక్ ఇచ్చే ప్యాడ్లు ఛాతీ మీద ఎక్కడ అంటించాలో దాంతోనే చూపిస్తాను.’

అందరం మీ దగ్గరికొచ్చాం. మీకు తాళం.

తాళంచెవి అడ్మిన్ సార్ దగ్గర ఉంటుందన్నాడు గార్డు. అడ్మిన్ సారు సెలవు పెట్టి తిరుపతి వెళ్లారు. ఫోన్ చేస్తే క్యూలైన్లో ఉండి కూడా ఎత్తారు, మహానుభావుడు. ‘నా టేబుల్ సొరుగులో ఉందండీ’ అన్నారు. సొరుగుకు తాళం. దాని చెవి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ దగ్గర. ఆయన సెల్లార్‌లో వాటర్ ట్యాంకర్ లెక్క చూసుకుంటున్నాడు. ఆయన పైకొచ్చి, సొరుగు తెరిచి, ఒక గుత్తి తీశాడు. ఒక్కొక్క చెవీ పెట్టి తిప్పాడు. ఏదీ పట్టలేదు. ఆఖరికి ‘ఏడో ఫ్లోర్, ఏఈడీ’ అని చక్కగా చీటీ కట్టిన చెవి ఒకటి బయటపడితే ప్రాణం లేచొచ్చింది. దాంతో తెరుచుకున్నది ప్యాంట్రీ అల్మారా. అందులో బిస్కెట్ ప్యాకెట్లు ఉన్నాయి. మీరు మాత్రం గాజు వెనక నుంచి మమ్మల్ని చూస్తూనే ఉన్నారు.

‘అద్దం పగలగొడితే పోలా?’ అన్నారెవరో. ‘అమ్మో, అసెట్ అండీ, వచ్చే నెల ఆడిట్’ అన్నారు హెచ్ఆర్ మేడం. ట్రైనర్ తన ఫోన్లో వీడియో చూపించి సరిపెట్టాడు.

సీపీఆర్ కూడా అందకపోతే, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుందని అంతకు ముందే పీపీటీలో ఎర్రక్షరాలతో చూపించారు. ఆ లెక్కన సూపర్‌వైజర్ గారు సెల్లార్‌లో లిఫ్టు కోసం బటన్ నొక్కేసరికే మనిషి మనకు దక్కడు. మిగతా తాళాలన్నీ ఆత్మశాంతి కోసం తీసినట్టే.

తాళం దేనికయ్యా అంటే, ఖరీదైన వస్తువు, ఎవరైనా ఎత్తుకుపోతారట. మిమ్మల్ని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారండీ? ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటారా? కాఫీ మెషీన్‌కు తాళం లేదు. క్యారమ్ బోర్డుకు లేదు. మంటలార్పే ఎర్ర సిలిండర్‌కూ లేదు. మిమ్మల్ని మాత్రం పెళ్లినాటి పట్టుచీరలా దాచారు. తీయరు, కట్టరు, ఉందని మాత్రం నలుగురికీ చెప్పుకుంటారు. ఈలోగా మీ ప్యాడ్ల మీది జిగురు ఎండిపోతున్నా, మీ బ్యాటరీ గడువు దాటిపోతున్నా అడిగే నాథుడు లేడు.

108 ఉందిగా అంటారు. ఉంది, ముందు దానికే ఫోన్ చేయాలి. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన సేవ అది, వేలెత్తి చూపను. కానీ సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో బయోడైవర్సిటీ జంక్షన్ దాటి, మా గేటు దగ్గర విజిటర్ ఎంట్రీ చేయించుకుని, ఆ తర్వాత కదా వాళ్లు ఏడో అంతస్తుకు రావాలి.

అమెరికా క్యాసినోల సంగతి మీకు తెలిసే ఉంటుంది, అక్కడివాళ్లు మీ చుట్టాలే కదా. అక్కడి సెక్యూరిటీ గార్డులకు సీపీఆర్ నేర్పి, మీలాంటివారిని చేతికి అందేచోట పెట్టారు. 2000లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. మీ షాక్‌కు లొంగే రకం కార్డియాక్ అరెస్ట్, అంటే హఠాత్తుగా గుండె ఆగిపోవడం, వచ్చినవాళ్లు 105 మంది, ప్రాణాలతో ఆసుపత్రి దాటి ఇంటికెళ్లినవాళ్లు 56 మంది. పడిపోయిన 3 నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలోనైతే 74 శాతం. ముందుగా వాళ్లను అందుకున్నది పెద్ద డాక్టర్లు కాదు, గార్డులు. జూదంలో జేబు ఖాళీ అయినవాడి గుండెకు ఉన్న పూచీ, రాత్రింబవళ్లు ప్రాజెక్ట్ డెలివరీ అంటూ టెన్షన్ పడే మా గుండెలకు లేదు.

మరి మా గార్డులు నిన్న శిక్షణకు ఎందుకు రాలేదో తెలుసా? ‘వాళ్లు వెండర్ స్టాఫ్ కదా’ అన్నారు, అంటే బయటి కాంట్రాక్టు మనుషులని. హౌస్‌కీపింగ్ అక్కలూ వెండర్ స్టాఫే, నైట్‌షిఫ్ట్ క్యాబ్ డ్రైవర్లూ వెండర్ స్టాఫే. తెల్లవారుజామున మూడింటికి ఎవడైనా కుర్చీలోంచి జారిపోతే పక్కన ఉండేది వాళ్లు గానీ, బొకే అందుకున్న పెద్దసారు కాదు. మీరు మాట్లాడేదేమో ఇంగ్లిష్. ఒకసారి చేయించి చూపిస్తే తప్ప మా అక్కలకు మీ మాట ఎలా అర్థమవుతుంది? 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన మనిషికి నడిరోడ్డు మీద ఛాతీ నొక్కి ప్రాణం నిలిపింది ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్. ఆ వీడియోకు మా ఆఫీసు గ్రూపులో అందరూ దండాలు పెట్టారు. మన గుమ్మం దగ్గర నిలబడే మనిషికి మాత్రం బ్యాగులు తెరిచి చూడడం చాలట!

ఇక మర్యాదలు చాలు. మా ఆఫీసు పెద్దలకు ఒక మాట. తాళం తీయండి. చెవి ఎవరి దగ్గర పెట్టాలో ఆలోచించకండి, అసలు తాళమే తీసేయండి. పెట్టె తెరిస్తే కూసే అలారం బిగించుకోండి, దొంగ భయం ఉంటే కెమెరా పెట్టుకోండి. మనిషి నీలం రంగుకు తిరుగుతుంటే గుత్తిలో చెవులు లెక్కపెట్టేది ఏం మనుషులం మనం?

ఏఈడీ గారూ, మీ మీద నాకు కోపం లేదు సుమండీ. తర్వాత ఏం చేయాలో తిన్నగా చెప్పేది ఈ ఆఫీసులో మీరొక్కరే. ప్యాడ్లు అంటించమంటారు, ఎవరూ తాకొద్దంటారు, గుండె లయ మీరే చూసుకుంటారు. షాక్ అక్కర్లేదనిపిస్తే ఎవరు ఎంత బతిమాలినా ఇవ్వరు, ఛాతీ నొక్కుతూనే ఉండమంటారు. అవసరం లేని పని చేయనని మొహం మీద చెప్పే దమ్ము మా మేనేజర్లలో ఒక్కరికీ లేదు.

ఇట్లు,
మీ ఎదురు వరసలో కూర్చునే సర్టిఫైడ్ ప్రాణదాత

తా.క.: నిన్న నేను పెట్టిన ఫిర్యాదు టికెట్‌కు ఇప్పుడే జవాబు వచ్చింది. ‘ఏఈడీ పెట్టె తాళంచెవి దొరికినది. ఇకపై పోకుండా అడ్మిన్ గదిలోని లాకర్‌లో భద్రపరచడమైనది. టికెట్ మూసివేస్తున్నాము. దయచేసి మా సేవకు రేటింగ్ ఇవ్వగలరు.’